ఏడాది చివర లక్ష్యాల సమీక్ష: అపోహలు - వాస్తవాలు

డిసెంబరు ఆఖరి వారంలో చాలామంది పాత జాబితా తెరవకుండానే కొత్తది రాసేస్తారు. బరువు తగ్గాలి, ఇంగ్లిషు నేర్చుకోవాలి, డబ్బు దాచాలి అన్నవి ఏటా అలాగే తిరిగొచ్చేది అందుకే. నిరుడు ఎక్కడ ఆగామో తెలియకుండా రాసిన లక్ష్యం మళ్లీ అక్కడే ఆగుతుంది. సమీక్షకు రెండు గంటలు, కొత్త లక్ష్యాలకు ఒక గంట కేటాయించండి. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి.

అపోహ: ప్రశాంతంగా కూర్చుని ఏడాదంతా గుర్తు చేసుకుంటే అదే సమీక్ష.

జ్ఞాపకాన్ని నమ్ముకుంటే దసరా నుంచి జరిగినవే ముందుకొస్తాయి, వేసవికి ముందు చేసినవి మరుగున పడతాయి. అందుకే ముందు ఆధారాలు దగ్గర పెట్టుకోండి. జనవరి 1 నుంచి బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్ గ్యాలరీ, ఫోన్‌లో అడుగుల లెక్క, ఆఫీసు సెలవుల చిట్టా సరిపోతాయి. ఒక కాగితం మీద 12 గళ్లు గీసి, ఒక్కో నెల గడిలో మూడే విషయాలు రాయండి: డబ్బు ఎక్కువగా దేనికి పోయింది, సమయం దేనికి పోయింది, ఏం పూర్తయింది. చిన్న చిన్న యూపీఐ చెల్లింపుల్ని వదిలేయకండి, అలవాట్లు బయటపడేది వాటిలోనే. జిమ్ ఫీజు మార్చి తర్వాత కనిపించలేదంటే మానేసింది ఎప్పుడో తేలినట్టే. ఆ నెల ఫొటోలు చూస్తే కారణం కూడా చాలాసార్లు దొరుకుతుంది: పిల్లల పరీక్షలు, ఇంట్లో ఒకరు ఆసుపత్రి పాలవడం, ఇల్లు మారడం.

అపోహ: నెరవేరనివన్నీ వైఫల్యాలే.

అన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే సమీక్ష బాధగా మారి సగంలో ఆగిపోతుంది. నెరవేరనివాటిని నాలుగుగా విడదీయండి. అసలు మొదలే పెట్టనిది: మొదటి అడుగు మరీ పెద్దదై ఉంటుంది, లేదా ఆ కోరిక మీది కాదు, ఇంకొకరి కోసం రాసుకున్నది. మొదలుపెట్టి ఆపినది: ఏ నెలలో ఆగిందో, ఆ నెలలో ఏం మారిందో చూడండి. క్రమం తప్పకుండా చేసినా ఫలితం రానిది: లోపం శ్రమలో లేదు, పద్ధతిలో ఉంది. అవసరమే తీరిపోయినది: నిశ్చింతగా కొట్టేయండి. ఒకే లక్ష్యం అవే మాటలతో మూడో ఏడాదికి వస్తుంటే మాత్రం అలాగే మోసుకురాకండి. పరిమాణం తగ్గించండి, లేదా వదిలేయండి.

అపోహ: మధ్యలో వదిలేస్తున్నానంటే నాకు పట్టుదల లేదు, ఆరంభశూరత్వమే.

ఈ మాట మనం మనల్ని చాలా తేలిగ్గా అనేసుకుంటాం. అసలు లోపం తరచుగా లక్ష్యం రాసిన తీరులో ఉంటుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ముందే తేల్చుకున్నవారు ఎక్కువగా పూర్తి చేస్తారని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపాయి. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూసినప్పుడూ అదే తేలింది. 'డబ్బు దాచాలి' అని రాయకండి. 'జీతం పడిన మర్నాడు 5,000 రికరింగ్ డిపాజిట్‌కి ఆటోమేటిక్‌గా వెళ్లాలి' అని రాయండి, ఏడాదికి 60,000 అసలు చేరుతుంది. పక్కనే అడ్డంకికి జవాబు కూడా ఉండాలి: 'వాన పడితే నడక బదులు ఇంట్లోనే 20 నిమిషాల వ్యాయామం.'

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది.

లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, అలవాటు కుదరడానికి పట్టిన మధ్యస్థ సంఖ్య 66 రోజులు, అంటే సగం మందికి అంతలోపు, సగం మందికి అంతకు మించి. తేడా కూడా చాలా పెద్దది: కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని అంచనా. ఇంకో ముఖ్యమైన సంగతి, మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు దెబ్బతినలేదు. ఫిబ్రవరి కల్లా కుదరలేదని మానేసేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

అపోహ: లక్ష్యాలు రాసుకున్న 3 శాతం మంది మిగతా 97 శాతం కంటే ఎక్కువ సంపాదించారని యేల్ విశ్వవిద్యాలయం 1953లో తేల్చింది.

అలాంటి అధ్యయనం జరిగిన దాఖలా లేదు. రాసుకోవడం మంచిదే, ఈ కథ మాత్రం అక్కర్లేదు.

అపోహ: ఎక్కువ లక్ష్యాలు పెట్టుకుంటే కొన్నయినా అవుతాయి.

లెక్క వేసి చూడండి. వారానికి 168 గంటలు. నిద్ర 49, ఆరు రోజుల ఉద్యోగం 54, ప్రయాణం 9, స్నానం, భోజనం, ఇంటిపని 28. మిగిలినవి 28. అందులో సగం ఇంట్లోవాళ్లకు, విశ్రాంతికి తీసేస్తే 14. వారానికి ఐదు రోజులు 40 నిమిషాల నడక 3 గంటల 20 నిమిషాలు, ఏదైనా కోర్సు 5 గంటలు. అప్పుడే 8 దాటింది. రెండు లక్ష్యాలు హాయిగా పడతాయి, మూడోది చిన్నదైతేనే. పదో పన్నెండో రాయడం నేల విడిచి సాము చేయడమే. ఇల్లు నడిపేవారికి ఖాళీ 15, 20 నిమిషాల ముక్కలుగా దొరుకుతుంది. వాళ్లు ఆ ముక్కల్లో ఇమిడేదే ఎంచుకోవాలి, గంట కూర్చుంటే తప్ప సాగని పనిని కాదు.

అపోహ: 'ఇది మానేస్తాను' అన్నదే గట్టి తీర్మానం.

స్వీడన్‌లో 1,066 మందితో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఏదో ఒకటి చేయాలని పెట్టుకున్నవారిలో 58.9 శాతం మంది ఏడాది తర్వాత సఫలమయ్యామని చెప్పారు. మానాలని పెట్టుకున్నవారిలో 47.1 శాతం. 'రాత్రి ఫోన్ చూడను' కంటే 'పదింటికి ఫోన్ హాల్లో చార్జింగ్ పెట్టి పడుకుంటాను' మేలు.

అపోహ: జనవరిలో తప్పితే ఆ ఏడాది పోయినట్టే.

మనకు జనవరి 1న మొదలుపెట్టిన పని రెండు వారాల్లోనే సంక్రాంతి ప్రయాణాన్ని, పిండివంటల్ని ఎదుర్కొంటుంది. అది అనుకోని అడ్డంకి కాదు, క్యాలెండరులో ఉన్నదే. ఆ వారానికి 'రోజుకు 10 నిమిషాల నడక, తూకం చూసుకోవడం లేదు' అని ముందే రాసి పెట్టుకోండి. లేదంటే పండగయ్యాక జనవరి 19, 20 ప్రాంతంలోనే మొదలుపెట్టండి. కొత్త వారం, కొత్త నెల, పుట్టినరోజు లాంటి రోజుల్లో మళ్లీ మొదలుపెట్టే ఊపు వస్తుందని 2014లో వెలువడిన ఒక పరిశోధన చెబుతోంది. ఉగాది, జూన్‌లో బడులు తెరిచే వారం కూడా అలా వాడుకోవచ్చు. ఆ రెండు తేదీల్లో ఒక్కో అరగంట సమీక్షకని ఇప్పుడే ఫోన్‌లో రిమైండరు పెట్టండి.