ఇచ్చిన లెక్క, తెచ్చిన లెక్క: కోనసీమ నుంచి చూస్తే కార్పొరేట్ సామాజిక బాధ్యత

కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవడం, మళ్ళీ కాలువలు వదిలేదాకా ఆ నీటితోనే గడుపుకోవడం ఇక్కడ తరాల నాటి అలవాటు. ఇప్పుడు ఆ చెరువుగట్టు మీదో, పంచాయతీ కార్యాలయం పక్కనో ఒక చిన్న షెడ్డు కనిపిస్తుంది. లోపల నీళ్ళు శుద్ధి చేసే యంత్రం, బయట రెండు కుళాయిలు, వాటి ముందు ఇరవై లీటర్ల టిన్నులు తగిలించిన సైకిళ్ళు, గోడకు ఒక నల్లరాతి ఫలకం. ఫలకం మీద కంపెనీ పేరు, ప్రారంభించిన పెద్దమనిషి పేరు, తేదీ, వాటి కింద 'సీఎస్ఆర్ నిధులతో' అన్న మాట ఉంటాయి. కార్పొరేట్ సామాజిక బాధ్యతకు ఇంగ్లీషు పొట్టిపేరైన ఆ మూడక్షరాలను ఊళ్ళో ఎవరూ విడమరచి చెప్పరు; గ్యాసు కంపెనీవాళ్ళు పెట్టించారంటారు, అంతే. అక్కడికి కాస్త దూరంలోనే, కొబ్బరితోటలో, కింద గ్యాసు గొట్టం ఉంది తవ్వకండని హెచ్చరించే స్తంభం కూడా పాతి ఉంటుంది.

ఆ షెడ్డును దానం అనాలా, బాకీ తీర్చుకోవడం అనాలా, లేక ముందుజాగ్రత్తగా కట్టుకున్న బీమా అనాలా? వ్యాపార నైతికత, కార్పొరేట్ సామాజిక బాధ్యత అనే పేర్లతో విశ్వవిద్యాలయాల్లో డెబ్బై ఏళ్ళుగా సాగుతున్న పరిశోధన చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. అయితే ఇచ్చిన సొమ్ముకు లెక్క కట్టడం తేలిక, ఆ సొమ్మును తెచ్చిన తీరుకు లెక్క కట్టడం కష్టం. ఈ తేడా వల్లనే పరిశోధనా, ఆ తర్వాత వచ్చిన చట్టమూ క్రమంగా మొదటి లెక్క వైపు మొగ్గాయని నా అభిప్రాయం. గోదావరి డెల్టా ఈ రెండు లెక్కలనూ దగ్గరగా చూసిన ప్రాంతం కనుక, ఆ చరిత్రను ఇక్కడి నుంచి చెప్పుకోవడంలో అర్థం ఉంది.

ఇవ్వడం ఈ నేలకు కొత్త కాదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు మిగులు ధాన్యాన్ని ఇచ్చింది; ఆ మిగులులో కొంత సత్రాలుగా, బడులుగా, గుళ్ళుగా మారింది. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) పేరు నేటికీ ఈ జిల్లాల్లో సామెతలా వినిపిస్తుంది. తర్వాతి తరంలో రైసుమిల్లులు, చక్కెర ఫ్యాక్టరీ వచ్చాయి. భీమవరంలో డి.ఎన్.ఆర్. కళాశాల 1945లో మొదలైంది. తణుకులో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో ఆంధ్రా షుగర్స్ స్థాపించారు. చుట్టుపక్కల విద్యాసంస్థల వెనుక ఇలాంటి వ్యవసాయ, పారిశ్రామిక కుటుంబాల సొమ్ము ఉండటం అందరికీ తెలిసిన విషయమే. గుడిలో ఫ్యాను రెక్కల మీద సైతం దాత పేరు రాయించే సంప్రదాయం మనది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పేరు కనపడదన్నది వేరే సంగతి. అయితే అన్నం పెట్టిన చేతిని తలుచుకున్న ఊరు, ఆ ధాన్యంలో కౌలుదారుకు ఎంత మిగిలిందో, కూలివాడికి ఏ కొలతతో కొలిచారో దానం ప్రస్తావన వచ్చినప్పుడు అడిగేది కాదు. ఆ లెక్క వేరే వేదికల మీద, రైతుకూలీ ఉద్యమాల్లో తేలాల్సి వచ్చింది.

గాంధీజీ చెప్పిన ధర్మకర్తృత్వం ఈ రెండు లెక్కలనూ కలపడానికి జరిగిన ప్రయత్నంగా చూడవచ్చు. గుడి మాన్యానికి ధర్మకర్త ఎలాంటివాడో సంపదకు ధనికుడు అలాంటివాడని, అది తన చేతిలో ఉన్నా తనది మాత్రమే కాదని ఆయన వాదం. ధనికుడి మనసు మీదే భారమంతా వేశారన్న విమర్శ దీనిమీద వచ్చింది, అందులో నిజం లేకపోలేదు.

అమెరికాలో ఈ అంశం విద్యావిషయంగా రూపు దిద్దుకోవడానికి హోవార్డ్ బోవెన్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1953లో వెలువరించిన గ్రంథాన్ని ఆరంభంగా చెప్పుకుంటారు. అక్కడి ప్రొటెస్టెంట్ చర్చిల సమాఖ్య క్రైస్తవ నీతి, ఆర్థిక జీవనం అనే వరుసలో రాయించిన పుస్తకాల్లో అది ఒకటి. అంటే అక్కడా ఈ శాస్త్రం గుడి గుమ్మంలోంచే బడిలోకి వచ్చిందన్నమాట. వ్యాపారి తీసుకునే నిర్ణయాలు, అనుసరించే విధానాలు సమాజపు లక్ష్యాలకు, విలువలకు తగినట్టు ఉండాలన్నది బోవెన్ చెప్పిన బాధ్యత. ఇక్కడ ఆయన మాట్లాడింది నిర్ణయాల గురించి, విధానాల గురించి. విరాళం అందులో ఒక చిన్న భాగం మాత్రమే. 1970లో మరో ఆర్థికశాస్త్రవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ న్యూయార్క్ టైమ్స్ పత్రికలో దీనికి ఎదురు నిలిచి, ఆట నియమాలకు లోబడి లాభం పెంచడమే వ్యాపారపు సామాజిక బాధ్యత అనీ, వాటాదారుల సొమ్ముతో మేనేజరు దానాలు చేయడం వారి మీద పన్ను వేయడంతో సమానమనీ వాదించాడు. ఫ్రీడ్‌మన్‌ను తిట్టడం తేలికే గానీ, పరాయి సొమ్ముతో పుణ్యం చేసేవాడిని అడగవలసిన ప్రశ్న ఆయన అడిగాడని ఒప్పుకోవాలి.

ఈ రెండింటి మధ్య మన దేశంలో జరిగిన ఒక ఘట్టాన్ని పాఠ్యగ్రంథాలు తరచు దాటవేస్తాయి. 1965లో ఢిల్లీలో వ్యాపార సామాజిక బాధ్యతపై ఒక సదస్సు జరిగింది. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, జయప్రకాశ్ నారాయణ్ పేర్లు దానితో ముడిపడి ఉన్నాయి. వ్యాపార సంస్థ తనకు, వినియోగదారులకు, కార్మికులకు, వాటాదారులకు, సమాజానికి బాధ్యత వహించాలని ఆ సదస్సు ప్రకటించింది. కంపెనీ పనుల ప్రభావం పడే వారందరినీ లెక్కలోకి తీసుకోవాలనే స్టేక్‌హోల్డర్ సిద్ధాంతాన్ని అమెరికాలో ఎడ్వర్డ్ ఫ్రీమన్ గ్రంథరూపంలో పెట్టింది 1984లో, అంటే మరో పంతొమ్మిదేళ్ళకు. మన ప్రకటన కాగితాల్లో ఉండిపోయింది. ఆయన సిద్ధాంతం ఎంబీఏ తరగతుల్లోకి వెళ్ళింది.

ఈలోగా వ్యాపార నైతికత ఒక ప్రత్యేక శాఖగా నిలదొక్కుకుంది. అమెరికాలో వాటర్‌గేట్ రాజకీయ కుంభకోణం తర్వాత బయటపడిన కంపెనీల లంచాల వ్యవహారాలు ఇందుకు తోడ్పడ్డాయి. ఆ రంగానికే అంకితమైన జర్నల్ ఆఫ్ బిజినెస్ ఎథిక్స్ 1982లో మొదలైంది. ఆర్చీ కారల్ 1979లో బాధ్యతలను నాలుగుగా విడదీసి, 1991లో వాటిని పిరమిడ్‌గా గీశాడు: అడుగున ఆర్థిక బాధ్యత, దానిమీద చట్టం, ఆపైన నీతి, కొసన దాతృత్వం. కారల్ బొమ్మలో దాతృత్వం అన్నిటికన్నా సన్నని భాగం. మన ఫలకాల మీద ఉన్నది మాత్రం అదొక్కటే.

సిద్ధాంతాలు ఇలా సాగుతుండగా కోనసీమ తన పాఠాన్ని మరోలా నేర్చుకుంది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావిలో గ్యాసు అదుపు తప్పి మంటలు లేచాయి. 65 రోజుల తర్వాత గానీ అవి ఆరలేదు. అన్నాళ్ళూ చుట్టుపక్కల ఊళ్ళకు రాత్రి రాత్రిలా లేదు. ఇళ్ళు వదిలి వెళ్ళినవారు, కొబ్బరిచెట్లు మాడిపోయినవారు నేటికీ తమ పిల్లల వయసును 'బ్లోఅవుట్‌కు ముందు, తర్వాత' అని చెప్పుకోవడం వినవచ్చు. అప్పటికి సీఎస్ఆర్ అన్న మాట ఈ ఊళ్ళకు తెలియదు. నష్టపరిహారం అన్న మాట మాత్రం తెలుసు.

రెండో పాఠం ఇంకా చేదైనది, ఎందుకంటే అది మనవాళ్ళ ఇంటి నుంచే వచ్చింది. పశ్చిమ గోదావరి మూలాలున్న, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ సంస్థ సత్యం కంప్యూటర్స్ అధిపతి బి. రామలింగరాజు కుటుంబం తండ్రి పేరున 2001లో నెలకొల్పిన బైర్రాజు ఫౌండేషన్, గోదావరి జిల్లాలతో సహా రాష్ట్రంలోని అనేక గ్రామాల్లో వైద్యం, చదువు, శుద్ధిచేసిన తాగునీరు అందించింది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవల వెనుకా ఆయన చొరవ ఉంది. ఆ నీళ్ళు తాగినవారు ఉన్నారు, ఆ అంబులెన్సులో ప్రాణం దక్కించుకున్నవారు ఉన్నారు. ఆ మేలు అబద్ధం కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలు తప్పని రామలింగరాజే స్వయంగా లేఖ రాశారు. నగదు, బ్యాంకు నిల్వలుగా చూపిన సొమ్ములో సుమారు 5,040 కోట్ల రూపాయలు లేనేలేవు. అంతకు కొద్ది నెలల ముందే ఆ సంస్థకు కార్పొరేట్ పాలనలో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. దాని బోర్డులో బయటి డైరెక్టర్లుగా హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు ఒకరు, హైదరాబాద్ ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఒకరు ఉన్నారు. కంపెనీలను ఎలా పాలించాలో పాఠం చెప్పేవారు కుర్చీల్లో ఉండగానే ఇంత జరిగింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుకు ఏడేళ్ళ శిక్ష వేసింది. తర్వాత అప్పీలులో ఆ శిక్ష అమలు నిలిచింది.

ఇది ఒక మనిషి వింత కథ అనుకుని వదిలేయవచ్చు. కానీ దానికి ముందూ తర్వాతా వచ్చిన పరిశోధనలు అలా వదిలేయనివ్వవు. మంచి పనుల వల్ల వచ్చే పేరు, కష్టకాలంలో బీమాలా పనిచేస్తుందని పాల్ గాడ్‌ఫ్రే 2005లోనే ప్రతిపాదించాడు. కాచెన్, మూన్ అనే ఇద్దరు 2012లో సుమారు మూడు వేల కంపెనీలను పదిహేనేళ్ళ కాలానికి పరిశీలించి, ఎక్కువ చెడు చేసిన కంపెనీలే ఎక్కువ మంచి పనులు కూడా చేపడుతున్నాయని చూపారు. ఆర్మిస్టన్, వాంగ్ 2013లో దీన్ని రెండో వైపు నుంచి చూసి, ముందు చేసిన మంచి తర్వాతి తప్పుకు ఒక రకమైన అనుమతిపత్రంలా మారే అవకాశం ఉందన్నారు. పాపపరిహారానికి దానం చేయడం మన పురాణాలకు తెలుసు. దానం చేశాను కదా అన్న ధీమాతో పాపం చేయడాన్ని కొలిచిన పద్ధతి మాత్రం కొత్తది.

సత్యం ఉదంతం జరిగిన ఏడాదే, 2009 డిసెంబరులో, కేంద్ర ప్రభుత్వం స్వచ్ఛంద మార్గదర్శకాలు విడుదల చేసింది. 2011లో వాటి స్థానంలో మరింత విస్తృతమైనవి వచ్చాయి. కంపెనీ తన వ్యాపారాన్ని ఎలా నడపాలన్నదే ఆ పత్రాల్లో ప్రధానంగా ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం విషయం అంకెల్లోకి దిగింది. 500 కోట్ల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనుల మీద ఖర్చు చేయాలి. తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. మామూలు వ్యాపార కార్యకలాపాల్లో భాగంగా చేసే ఖర్చు ఇందులోకి రాదు. చివరి నియమం తర్కం ప్రకారం సరైనదే. తన గొట్టం తాను బాగుచేసుకుని దాన్ని సమాజసేవగా చూపించుకునే వీలు ఉండకూడదు. కానీ దాని ఫలితంగా 'బాధ్యత' అన్న మాట వార్షిక నివేదికలో గొట్టం నుంచి విడిపోయి, నీళ్ళ షెడ్డు దగ్గర స్థిరపడింది.

ఆ సెక్షన్ 2014 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది జూన్ 27 తెల్లవారుజామున తాటిపాక దగ్గర నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గ్యాసు గొట్టం పేలింది. ఇరవైమందికి పైగా చనిపోయారు. తేమ తీసిన గ్యాసు కోసం వేసిన గొట్టంలో తేమతో కూడిన గ్యాసు ప్రవహించడం వల్ల లోపలి నుంచి తుప్పు పట్టిందన్నది దర్యాప్తుల్లో బయటపడిన ముఖ్యాంశం. తుప్పు అన్నది రెండు శాతంలోకి రాదు, మిగిలిన తొంభై ఎనిమిదిలోనే ఉంటుంది.

చట్టం వచ్చాక భారతదేశం పరిశోధకులకు ప్రయోగశాల అయింది, ఎందుకంటే ఒకే రోజున ఒక గీత గీసి, ఇటువాళ్ళు ఖర్చు చేయాలి, అటువాళ్ళకు అవసరం లేదని చెప్పిన దేశాలు అరుదు. మంచిరాజు, రాజగోపాల్ 2017లో ప్రచురించిన అధ్యయనం, ఖర్చు తప్పనిసరైన కంపెనీల షేర్ల విలువ సగటున 4.1 శాతం తగ్గిందని లెక్కగట్టింది. ధర్మపాల, ఖన్నా 2018లో చూపిన సంగతి మరింత ఆసక్తికరం. అంతకుముందు 2 శాతం కన్నా తక్కువ ఇచ్చేవారు పెంచారు. ఎక్కువ ఇస్తున్న పెద్ద కంపెనీలు 2 శాతం వైపు దిగివచ్చాయి. కనీసం ఇంత అని రాసిన గీతే చివరకు ఇంతే అన్న గీతగా మారింది. ఊళ్ళో చందా పుస్తకం పట్టుకు తిరిగినవారికి ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు. మొదటి పేజీలో పెద్దాయన ఎంత రాస్తే వెనకవాళ్ళ లెక్కలన్నీ అటే సర్దుకుంటాయి. మొత్తం మీద దేశంలో ఈ ఖర్చు మొదటి ఏడాది సుమారు 10 వేల కోట్లు ఉంటే, 2022–23 నాటికి 30 వేల కోట్లకు చేరువైంది.

ఇలాంటి అధ్యయనాలు స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీల సమాచారం మీద ఆధారపడతాయి. డెల్టాలో వ్యాపారం అంటే రైసుమిల్లు, రొయ్యల చెరువు, మేత డీలరు, ఐసు ఫ్యాక్టరీ, కొబ్బరి పీచు కేంద్రం. వీటిలో 135వ సెక్షన్ గీత దాటేవి వేళ్ళమీద లెక్కపెట్టదగినవి. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చిన తర్వాత వరి చేల మధ్య చెరువులు ఎంత వేగంగా పెరిగాయో భీమవరం వైపు వెళ్ళే బస్సు కిటికీలోంచి చూసినా తెలుస్తుంది. పక్క చేనుకు ఉప్పు ఊరడం, మురుగుకాలువలోకి చెరువునీరు వదలడం ఇక్కడి రోజువారీ వ్యాపార నీతి సమస్యలు. వీటి గురించి అడిగింది నిర్వహణశాస్త్రం కన్నా ముందు న్యాయస్థానం. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై ఆంక్షలు పెట్టి, కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని వర్తింపజేసింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టంతో ఆ సాగు మళ్ళీ రిజిస్ట్రేషన్ల దారిలోకి వచ్చింది. ధర్మకర్తృత్వం నమ్మిన గాంధేయవాది చివరకు ధనికుల మనసును వదిలి కోర్టు మెట్లెక్కడం ఈ చరిత్రలో చెప్పుకోదగ్గ మలుపు.

2021 జనవరిలో నియమాలు మళ్ళీ మారాయి. సగటున 10 కోట్లు, ఆపైన బాధ్యత ఉన్న కంపెనీలు కోటి రూపాయలకు తగ్గని ప్రాజెక్టుల ప్రభావాన్ని బయటివారి చేత అంచనా వేయించాలి. నివేదికలో నింపవలసిన పట్టిక కూడా వివరంగా వచ్చింది: ఏ పని, ఏ జిల్లా, ఎంత ఖర్చు, స్వయంగా చేశారా, వేరే సంస్థ ద్వారానా. 2021 నాటి ఆ పట్టికలో 'స్థానిక ప్రాంతం' అని ఒక గడి ఉండేది, అవును లేదా కాదు అని రాయాల్సి వచ్చేది. కోనసీమలోని నీళ్ళ షెడ్డుకు ఆ గడిలో 'అవును' అని పడేది. నగరం పేలుడు తర్వాత ఆ ప్రాంతంలో మార్చిన గొట్టాలకు, పెట్టిన తేమ తనిఖీలకు ఆ పట్టికలో చోటు ఉండేది కాదు. వాటి వివరం కావాలంటే అదే కంపెనీ ఖాతాల్లో మరమ్మతుల పద్దు కింద వెతకాలి.