బోస్టన్ తోడు, ప్రావిడెన్స్ తోడు

చిరంజీవులైన మనుమరాలికీ మనుమడికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు బోస్టన్ పక్క ఊరు విడిచి రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌కు మారిన తరువాత పెద్దది అడిగిన ప్రశ్నను మీ అమ్మ ఫోనులో చెప్పింది. కొత్త బడిలో డాన్ అనే అమ్మాయిని నువ్వు పేరుపెట్టి పిలిస్తే, మగపిల్లవాడి పేరుతో పిలుస్తావేమిటని ఆమె పకపకా నవ్విందట. బోస్టన్‌లో ఎవరూ పట్టించుకోని పలుకు, గంటసేపు కారులో వచ్చేసరికి ఎలా తప్పయింది తాతయ్యా అన్నది కదా నీ సందేహం?

తప్పేమీ కాలేదమ్మా. తెల్లవారుజామును సూచించే ఆడపిల్ల పేరు డాన్, డోనాల్డ్‌ను ముద్దుగా పిలిచే మగపిల్లవాడి పేరు డాన్. మన లిపిలో రెండూ ఒకటే, బోస్టన్ వారి నోటిలోనూ రెండూ ఒకటే. ప్రావిడెన్స్ వారు మాత్రం మగపేరును నోరు బాగా తెరిచి ‘ఆ’కు దగ్గరగానూ, ఆడపేరును పెదవులు గుండ్రంగా చుట్టి ‘ఓ’ వైపు జరిపీ పలుకుతారు. చిత్రమేమిటంటే, ‘కార్’, ‘పార్క్’ వంటి మాటల్లో రకారాన్ని మింగేసే అలవాటు రెండు నగరాల పాతకాపుల్లోనూ ఉంది. ఒక విషయంలో అన్నదమ్ముల్లా ఉండి మరొక విషయంలో విడిపోయిన ఈ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 80 కిలోమీటర్లే.

దీనికి కారణం పెద్ద మాటలతో చెప్పను, పెరుగుతో చెబుతాను. మా చిన్నప్పుడు ఇంట్లో తోడు అయిపోతే అమ్మ నా చేతికి గిన్నె ఇచ్చి పక్కింటికి పంపేది. దీపాలు పెట్టే వేళ దాటితే ఎవరూ తోడు ఇవ్వరు గనుక పరుగెత్తి వెళ్లాలి. వీధి చివరి ఇంటి తోడు తెస్తే మా పెరుగు జిగురుగా సాగేది, ఎదురింటి తోడు తెస్తే రాయిలా గట్టిపడి మధ్యాహ్నానికే పులిసేది. గేదె మాదే, పాలు మావే, దాలిలో ఎర్రగా కాచిన కుండా మాదే. రుచి మాత్రం తోడు ఇచ్చిన ఇంటిది. ఒకసారి తోడుకున్నాక మరునాటి పాలకూ అదే తోడు గనుక ఆ రుచి నెలల తరబడి మా ఇంట్లోనే కాపురముండేది. గిన్నెలోని తోడును దారిలో సగం నాకేసిన రోజులూ ఉన్నాయి. ఆ సంగతి మీ అమ్మకు తెలియనక్కరలేదు.

యాస కూడా ఇలాగే తోడుకుంటుంది. ఇంగ్లండు నుంచి వచ్చిన ప్యూరిటన్లు అనే క్రైస్తవ మతశాఖ వారు 1630లో బోస్టన్‌లో స్థిరపడ్డారు. మత విషయాల్లో వారితో పొసగక వెలివేతకు గురైన రోజర్ విలియమ్స్ అనే మతబోధకుడు 1636లో ప్రావిడెన్స్‌ను నెలకొల్పాడు. ఒక్కొక్క చోట ముందుగా పాదుకున్నవారి పలుకే అక్కడి తోడు అయింది. తరువాత ఐర్లండు నుంచీ, ఇటలీ నుంచీ, పోర్చుగల్ నుంచీ కడవలకొద్దీ పాలు వచ్చి పడ్డాయి. వచ్చినవారి పిల్లలు వీధిలో ఆడుకుంటూ ఆ ఊరి పెరుగుగానే తోడుకున్నారు. డాన్‌కూ డాన్‌కూ తేడా ఉన్న ఊళ్లనూ లేని ఊళ్లనూ విడదీసే గీత రెండు నగరాల నడుమ ఉన్న ఆటిల్‌బరో ప్రాంతం మీదుగా పోతుంది. అది నేటి రాష్ట్ర సరిహద్దును అంతగా లెక్కచేయదనీ, పాత వలసల హద్దులనే ఎక్కువగా అనుసరిస్తుందనీ అక్కడి ఊరూరా తిరిగి విన్న పరిశోధకులు చెబుతారు. అయితే ఆ గీత కదలకుండానూ లేదు. తల్లిదండ్రులు వేరుచేసి పలికే ఆ రెండు అచ్చులను పిల్లలు కలిపేస్తున్న ఊళ్లు ఆ అంచున ఉన్నాయి.

తోడు గిన్నె ఎంత దూరమైనా ప్రయాణం చేస్తుంది. 1825లో మహాసరస్సులకు దారితీసే ఈరీ కాలువ తెరిచాక, మీ రెండు ఊళ్లూ ఉన్న న్యూ ఇంగ్లండు ప్రాంతపు రైతులూ, న్యూయార్కు రైతులూ తమ పలుకును పడవల మీద మహాసరస్సుల ఒడ్డుకు తీసుకుపోయారు. అందుకే బఫలో, క్లీవ్‌లాండ్, షికాగో పట్టణాల మాటతీరు ఒకదానికొకటి చుట్టమనిపిస్తుంది గాని, క్లీవ్‌లాండ్ నుంచి రెండు గంటలు దక్షిణానికి ప్రయాణించి అదే రాష్ట్రంలోని కొలంబస్‌కు చేరితే పలుకు మారిపోతుంది. అక్కడి తోడులో ఎక్కువ భాగం పెన్సిల్వేనియా మీదుగా వచ్చింది. ఇక పడమటి రాష్ట్రాలకు నాలుగు వైపుల తోడూ ఒకే కుండలో పడింది గనుక అక్కడ వందల మైళ్లు పోయినా ఇంత తేడా వినపడదు. తూర్పు తీరంలోనే, పాత కుండలు పక్కపక్కన ఉన్నచోటనే, ఊరూరికీ రుచి మారుతుంది.

మరి మా ఇంట్లో తెలుగు కదా, మా పాల సంగతేమిటని చిన్నవాడు అడుగుతాడు. ఫిలడెల్ఫియా దగ్గర కింగ్ ఆఫ్ ప్రష్యా అనే ఊరు ఉంది. వేరే ప్రాంతాల నుంచి అక్కడికి మారిన కుటుంబాల పిల్లలు ఎలా మాట్లాడతారో ఆర్విలా పేన్ అనే పరిశోధకురాలు 1970ల్లో పరిశీలించారు. ఆ పిల్లలు ఫిలడెల్ఫియా పలుకుల్లో చాలావాటిని కొద్ది ఏళ్లలోనే పట్టేశారు. ఒక అచ్చును ఏ మాటలో సాగదీయాలి, ఏ మాటలో సాగదీయకూడదు అన్న చిక్కు మాత్రం, తల్లిదండ్రులు కూడా అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు తప్ప మిగిలినవారికి పూర్తిగా పట్టుబడలేదు. వీధి తోడు ఎంత బలమైనదైనా పాలలో ఇంటి వాసన కాస్త మిగులుతుందన్నమాట.

ఇక్కడ నా పెరుగు విరిగిపోతుంది. మీకు దగ్గరలోనే, మసాచుసెట్స్ తీరానికి ఎదురుగా మార్థాస్ విన్‌యార్డ్ అనే దీవి ఉంది. వేసవిలో అక్కడికి పట్నవాసులు గుంపులుగా వస్తారు. విలియం లబోవ్ అనే భాషా శాస్త్రవేత్త ఆ దీవిలో తిరిగి, 1963లో ఒక వింత ప్రకటించాడు. దీవి విడిచి వెళ్లాలనుకునే యువకులు ‘రైట్’, ‘హౌస్’ వంటి మాటలను బయటివారిలా నోరు బాగా తెరిచి పలుకుతుంటే, అక్కడే ఉండిపోవాలనుకునే యువకులు నోరు అంతగా తెరవకుండా, చేపలు పట్టే పెద్దల్లాగే గట్టిగా దీవి పద్ధతిలో పలుకుతున్నారు. పాలకు పౌరుషం ఉండదు, మనుషులకు ఉంటుంది. మీ వయసు పిల్లలు ఎవరితో కలిసి ఉండాలని మనసులో కోరుకుంటారో ఆ కోరిక నాలుక మీదికి ఎలా దిగి వస్తుందో నేను వివరించలేను, తలచుకున్నప్పుడల్లా ఆశ్చర్యపోతాను. అందుచేత ఒకరి పలుకును వెక్కిరించినప్పుడు వెక్కిరింపు మాటకు కాదు, మనిషికి తగులుతుంది. నవ్విన ఆ అమ్మాయి మీద కోపం పెట్టుకోకు; ఆమె చెవికి అది నిజంగానే వేరే పేరు.

ఈ ఆదివారం నాన్నతో ప్రావిడెన్స్‌లో కాఫీ దుకాణానికి వెళ్లండి. రోడ్ ఐలండ్ వారు కాఫీ కలిపిన పాలను 1993లో రాష్ట్ర పానీయంగా ప్రకటించుకున్నారు గనుక దుకాణాలకు కొదవ ఉండదు. వరుసలో నిలబడి, ముందున్న ముసలివారు ‘హాట్ కాఫీ’ అని అడిగేటప్పుడు చెవి ఒగ్గండి. ‘హాట్’లోనూ ‘కాఫీ’లోనూ అచ్చు ఒక్కటిగా వినపడిందా, రెండుగా వినపడిందా? మీరు వింటున్నారని ఎవరికీ తెలియనివ్వకండి, తెలిస్తే పలుకు సర్దుకుంటుంది. తరువాత ఒక శనివారం రైలెక్కి బోస్టన్ వెళ్లి అక్కడా ఇలాగే వినండి; దారిలో ఆటిల్‌బరోలో దిగడానికి వీలైతే మరీ మంచిది. ఏ ఊళ్లో విన్నారో, పలికినవారు పెద్దవారో పిల్లలో ఒక కాగితం మీద రాసి నాకు పంపండి.

మీ తాతయ్య