రెండు మీటర్ల అలలు రెండు రకాలు

‘అలల ఎత్తు రెండు మీటర్లు’ అని వార్తల్లో వినగానే మనకు మనిషిని మించిన నీటిగోడ కళ్లముందు మెదులుతుంది. ఫైబర్ తెప్పలో ఇంజను దగ్గర కూర్చున్నవాడికి మాత్రం ఆ కబురు సగమే. ఒక అల దాటాక తర్వాతిది ఎన్ని సెకన్లకు వస్తుందన్నది మిగతా సగం. వార్తల్లో ఆ సగం దాదాపు ఎప్పుడూ ఉండదు.

లోతైన నీటిలో అల పొడవు, అంటే ఒక అల శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి ఉన్న దూరం, లెక్క తేలికే. రెండు అలల మధ్య వ్యవధిని సెకన్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 1.56తో గుణిస్తే పొడవు మీటర్లలో వస్తుంది. 12 సెకన్ల అల పొడవు సుమారు 225 మీటర్లు. అంత దూరంలో రెండు మీటర్లు లేచి దిగితే తెప్పకు ఎక్కినట్టూ తెలియదు, దిగినట్టూ తెలియదు. 5 సెకన్ల అల పొడవు 39 మీటర్లే. అదే ఎత్తు ఇక్కడ నిటారుగా మీదికి వస్తుంది. తెప్ప ముందు కొస అణియం గాలిలోకి లేచి దబ్బున పడుతుంది. వెంటనే వెనక కొస అమరం లేచి, ఇంజను పంకా నీటిపైకి తేలుతుంది. పట్టు దొరకని ఇంజను ఒక్కసారిగా గొంతు మార్చి అరుస్తుంది. ఆ క్షణంలో తెప్పకు దిశ ఉండదు. ఎత్తు పొడవులో ఏడో వంతుకు చేరితే అల ఇక నిలవలేక విరుగుతుంది.

పొట్టి అలలు దగ్గరి గాలి పుట్టించినవి. వేసవి మధ్యాహ్నం నేల కాగి సముద్రపు గాలి జోరందుకుంటే కొద్ది గంటల్లోనే లేస్తాయి. పొడవైనవి దూరదేశపువి. 40 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి ఆవల హిందూ మహాసముద్రంలో చెలరేగే తుపాను గాలులు వాటిని పుట్టిస్తాయి. 15 సెకన్ల అలల గుంపు రోజుకు సుమారు వెయ్యి కిలోమీటర్లు నడుస్తుంది. అంటే ఆరు రోజుల కిందటి గాలివాన, ఆకు కదలని రోజున కోనసీమ ఒడ్డుకు చేరవచ్చు.

ఎత్తు అంకెలోనూ ఒక మెలిక ఉంది. బులెటిన్లో చెప్పేది అత్యధిక ఎత్తు కాదు. అలలన్నిటిలో పెద్దవైన మూడో వంతును తీసుకుని, వాటికి కట్టిన సగటు అది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులను తీరాన దించడానికి అలల అంచనాలు అవసరమైనప్పుడు వాల్టర్ మంక్, హెరాల్డ్ స్వెర్‌డ్రప్ ఈ కొలతను వాడుకలోకి తెచ్చారు. అనుభవం ఉన్నవాడు కంటితో చూసి చెప్పే ఎత్తుకు ఇది దగ్గరగా ఉంటుంది. అయితే వెయ్యి అలల్లో ఒకటి దీనికి దాదాపు రెట్టింపు ఉంటుంది. ఆరేసి సెకన్లకు ఒకటి చొప్పున వెయ్యి అలలు రావడానికి రెండు గంటలు కూడా పట్టదు. వేటకు వెళ్లి వచ్చేలోగా అలాంటిది ఎదురుకావడం వింతేమీ కాదు.

ఇంతకీ చిన్న పడవకు నడిసముద్రం కంటే మొగే గండం. మొగ అంటే నది సముద్రంలో కలిసేచోటు; అక్కడ ఇసుక మేట వేసి నీరు రెండు మూడు మీటర్లకు పలచబడుతుంది. లోతు తగ్గితే అల వేగం తగ్గుతుంది, పొడవు కుదించుకుపోతుంది, ఎత్తు పెరుగుతుంది. నీటి లోతులో ముప్పావు వంతు ఎత్తుకు రాగానే విరిగిపోతుంది. బయట మీటరున్నర ఉన్న హాయైన అల ఇక్కడ నురగలు కక్కుతుంది. దానికి పాటు, అంటే సముద్రంలోకి వెనక్కి తీసే నీరు, తోడైతే చెప్పక్కర్లేదు. ఎదురొచ్చే ప్రవాహం అలలను ఇంకా దగ్గరికి నెడుతుంది. లోతైన నీటి లెక్క ప్రకారం ప్రవాహ వేగం అల వేగంలో నాలుగో వంతు ఉంటే చాలు, అల ముందుకు సాగలేదు. 4 సెకన్ల అలను ఆపడానికి గంటకు ఆరు కిలోమీటర్ల లోపు ప్రవాహమే సరిపోతుంది. వడివడిగా నడిచే మనిషి వేగమది! అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పాటు బలంగా లాగుతుంది. గోదావరికి వరదొస్తే ఆ నీరూ కలుస్తుంది.

సముద్రం కనిపించని హైదరాబాద్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2020 నుంచి చిన్న పడవలకు విడిగా సూచనలు ఇస్తోంది. ఏడు మీటర్ల వరకు వెడల్పున్న పడవలకు పది రోజుల ముందే ముప్పును అంచనా వేస్తుంది. అలల ఎత్తుతో పాటు వాటి నిటారుతనాన్ని, ఎన్ని దిక్కుల నుంచి వస్తున్నాయన్నదాన్ని, గాలి ఎంత త్వరగా పెరుగుతోందన్నదాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. ఒట్టి ఎత్తు చెప్పి ఊరుకోవడం కంటే ఇది ఎంతో నయం. కానీ ప్రతి వరదకూ చోటు మార్చే ఇసుక మేట ఇంత పెద్ద లెక్కలకు అందదు. దాన్ని అక్కడివారే చూసుకోవాలి. తిరిగొచ్చే సరంగు (పడవ నడిపేవాడు) మొగ బయట ఆగి అలల గుంపులను గమనిస్తాడు. పెద్దవి పోయాక, ఒక అల వీపున దాన్ని దాటిపోకుండా, వెనకది అందుకోకుండా లోపలికి వస్తాడు. వేగం తప్పితే వెనక అల అమరాన్ని ఎత్తి పడవను అడ్డం తిప్పేస్తుంది.

పాటు పూర్తిగా తగ్గి పోటు తిరిగేదాకా ఆగితే మొగ చాలావరకు నెమ్మదిస్తుంది. ఆ సమయం ఆటుపోట్ల పట్టికలో ముందే ఉంటుంది. కానీ పెట్టెలో ఐసు కరుగుతుంటే, ఒడ్డున వేలంపాట మొదలయ్యే వేళ అవుతుంటే, మూడు నాలుగు గంటలు లంగరు వేసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఏ సూచికా కొలవదు.