వెటర్నరీ చదువు: నేను ఏటా వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

నీట్ ఫలితాలు వచ్చే రోజుల్లో మా ఆసుపత్రికి పశువులతో పాటు పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులూ వస్తారు. బైపీసీ చదివిన అమ్మాయో అబ్బాయో, ఎంబీబీఎస్‌కు అందని ర్యాంకు, మొహంలో దిగులు. "వెటర్నరీలో చేర్పించమని అందరూ అంటున్నారు మేడమ్, చేర్పించొచ్చా?" అని అడుగుతారు. నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివాను. ఇప్పుడు రాయలసీమలో ఒక మండల పశువైద్యశాలలో పనిచేస్తున్నాను, ఇంటర్న్‌షిప్ పిల్లలకు పని నేర్పిస్తుంటాను. ఆ తల్లిదండ్రుల ప్రశ్నల్లో ఏటా అవే అపోహలు వినిపిస్తాయి. అవి నమ్మి వద్దనుకున్నా నష్టమే, అవి నమ్మి చేరినా నష్టమే. అందుకే ఒకచోట రాస్తున్నాను.

అపోహ: మెడిసిన్ రానివాళ్లు చేరే చదువు, అంతకన్నా తేలిక

మా బ్యాచ్‌లో చాలామందిమి మెడిసిన్ కోసం రాసి, రాక ఇటు వచ్చినవాళ్లమే. నేనూ అంతే. ఇది దాచాల్సిన విషయమేమీ కాదు. తేలిక అన్న మాట మాత్రం మొదటి ఏడాదిలోనే పోతుంది.

వెటర్నరీ డిగ్రీ పేరు బీవీఎస్సీ అండ్ ఏహెచ్, ఐదున్నరేళ్ల కోర్సు. నాలుగున్నరేళ్లు తరగతులు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఎంబీబీఎస్‌కు పట్టేదీ అంతే. తేడా ఏమిటంటే అక్కడ చదివేది ఒక్క మనిషి శరీరం. ఇక్కడ ఆవుతో మొదలుపెట్టి గేదె, గొర్రె, మేక, గుర్రం, పంది, కుక్క, పిల్లి, కోడి దాకా పోవాలి. ఆవు పొట్టలో నాలుగు అరలు. గుర్రానికి పొట్ట ఒకటే, దాని మేత అరిగేది ఎక్కువగా పెద్దపేగులో. కోడికి పళ్లు లేవు, ఆ పని కందనకాయ చేస్తుంది. పంది 114 రోజులు మోస్తుంది, గొర్రె సుమారు 150, ఆవు 280, గేదె 310. కోడి ఒంటి వేడి 106 డిగ్రీలుంటే అది మామూలే. అదే 106 గేదెలో కనబడితే మనం పరుగెత్తాలి. ఒక్కో జంతువుకూ ఈ లెక్కలన్నీ వేరువేరుగా తలలో ఉండాలి.

సీట్ల సంగతికి వస్తే, గుర్తింపు ఉన్న కాలేజీల్లో 15 శాతం సీట్లను వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నీట్ ర్యాంకుల మీద దేశమంతటికీ కలిపి నింపుతుంది. మిగతావి రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయాల చేతిలో ఉంటాయి, ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోవాలి. ఆంధ్రలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కాలేజీలున్నాయి. తెలంగాణలో పీవీ నరసింహారావు పేరుతో ఉన్న విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు ఉన్నాయి. ఇవి కాక ఎవరైనా ప్రైవేటు కాలేజీ అని డబ్బు అడిగితే, కట్టకముందే ఆ కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. గుర్తింపు లేని చోట చదివితే చివర రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేకపోతే వైద్యం చేసే హక్కు లేదు.

అపోహ: నోరులేని జీవాలు కదా, ఊహించి మందులిస్తారు

నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇదే. ఎందుకంటే ఐదున్నరేళ్లూ మాకు నేర్పేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. చెప్పుకోలేని జీవి దగ్గర ఊహకు చోటులేదు. చూడాలి, తాకాలి, వాసన పట్టాలి, వినాలి.

ఒక గేదెను పట్టుకొచ్చి "మేత ముట్టడం లేదమ్మా" అంటారు. ముందు దూరంగా నిలబడి అది ఎలా నిలుచుందో చూస్తాం. తర్వాత ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి ఉంచుతాం. లోపల రూమెన్, అంటే పెద్ద పొట్ట, మన పిడికిలిని రెండు నిమిషాల్లో రెండు మూడుసార్లు పైకి తోయాలి. తోయకపోతే పని ఆగినట్టు. పిడికిలి తీశాక అక్కడ సొట్ట అలాగే ఉండిపోతే లోపల మేత గట్టిపడినట్టు. మా పుస్తకాల్లో దీన్ని పిండిముద్దతో పోల్చి రాసేవాళ్లు. నాకు మాత్రం చేతికి రాగిసంగటి ముద్ద తగిలినట్టే అనిపించింది. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లలకు అలాగే చెబుతాను, వెంటనే పట్టుకుంటారు.

పాలజ్వరం సంగతి చూడండి. పేరులో జ్వరం ఉంది కాబట్టి జ్వరానికి సూది వేయాలనుకుంటారు. నిజానికి ఆ పశువుకు జ్వరమే ఉండదు. ఒంటి వేడి మామూలు కంటే తగ్గిపోతుంది. ఈనిన రెండు మూడు రోజుల్లో, బాగా పాలిచ్చే పశువుకు, రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి వచ్చే జబ్బు ఇది. ఒకసారి రాత్రి పదకొండు గంటలకు ఒక ఊరికి వెళ్లాను. గేదె పడిపోయి ఉంది. మెడను డొక్కవైపు తిప్పి పెట్టుకుంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి, ముట్టె ఎండిపోయింది. ఇంట్లో అందరూ అది చచ్చిపోతుందనే అనుకుంటున్నారు, పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. కాల్షియం సీసాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, మెడ నరంలోకి నెమ్మదిగా ఎక్కించడం మొదలుపెట్టాను. ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో గుండె మీద స్టెతస్కోపు. కాల్షియం వేగంగా పోతే గుండె ఆగిపోవచ్చు, అందుకే చెవి అక్కడి నుంచి తీయకూడదు. సీసా సగం దాటేసరికి ఒళ్లు వణికింది. పెద్దగా తేన్చింది, పేడ వేసింది. ముట్టె మీద చెమట చుక్కలు తేలాయి. కాసేపటికి మొదట వెనక కాళ్లు ఊని, తర్వాత లేచి నిలబడింది. ఆ రోజు నేను ఊహించింది ఏమీ లేదు. ఈనిన రోజు, చెవులు, ముట్టె, మెడ, థర్మామీటరు అన్నీ కలిపి ఆ గేదె తన జబ్బు తానే చెప్పింది.

చేతికి ఆ చదువు రావడానికి టైం పడుతుంది, తప్పులూ జరుగుతాయి. ఇంటర్న్‌షిప్‌లో చూడి పరీక్ష నేర్చుకునేటప్పుడు, పొడుగు గ్లోవు వేసుకుని ఆవు మలద్వారం గుండా చెయ్యి పెట్టి గర్భసంచిని తడమాలి. మొదటి వారాలు వేళ్లకు వెచ్చదనం తప్ప ఏమీ తెలియదు. ఒక ఆవుకు మూత్రసంచి నిండి ఉంటే అది గర్భసంచి అనుకుని "మూడు నెలల చూడి" అని చెప్పేశాను. మా సీనియర్ డాక్టరు గారు మళ్లీ చూసి, చూడి లేదని రైతుకు చెప్పారు. నన్ను పక్కకు పిలిచి, "ఈ మాట నమ్మి ఆయన ఇంకో ఆరేడు నెలలు దానికి ఊరికే మేత వేసేవాడు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

అపోహ: మనుషుల మందులే, డోసు మారుస్తారంతే

ఒక్క పారాసిటమాల్ 500 మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఆ మందును విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో సరిగా ఉండదు. రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది, మొహం ఉబ్బుతుంది. ప్రేమకొద్దీ "జ్వరంగా ఉందని సగం మాత్ర వేశాం మేడమ్" అని తెచ్చిన పిల్లుల్ని కాపాడలేకపోయిన రోజులున్నాయి. పెద్ద ఆవుకు నోటి ద్వారా యాంటీబయాటిక్ ఇస్తే, పొట్టలో మేతను అరిగించే సూక్ష్మజీవులే ముందు చస్తాయి.

డైక్లోఫెనాక్ కథ ప్రతి వెటర్నరీ విద్యార్థికీ తెలియాలి. నొప్పికి పశువులకు వేసిన మందు అది. ఆ పశువు చనిపోతే కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై రాలిపోయాయి. మన దేశంలో పశువులకు దాన్ని వాడకుండా 2006లో నిషేధించారు. ఒక సూది ఆ ఒక్క పశువుతో ఆగదని అంతకంటే బాగా ఎలా చెప్పాలో నాకు తెలియదు. యాంటీబయాటిక్ వేసిన ఆవు పాలు ఎన్ని రోజులు అమ్మకూడదో రైతుకు చెప్పడం కూడా మా చికిత్సలో భాగమే.

అపోహ: ఆడపిల్లలకు కుదరదు, బలం కావాలి

ఈ మాట నాన్నలే ఎక్కువగా అడుగుతారు, అదీ అమ్మాయి వినకుండా గొంతు తగ్గించి.

ఆవు ఈనలేకపోతే లాగడానికి మనుషులుంటారు, తాళ్లుంటాయి. డాక్టరు పని లాగడం కాదు, లోపల దూడ ఎలా ఉందో తెలుసుకుని సరిచేయడం. తల వెనక్కి తిరిగిందా, కాలు మడిచి ఉందా చూడాలి. పశువు ముక్కినప్పుడే లాగించాలి, ఆపినప్పుడు ఆపించాలి. ఇక మేకలు, గొర్రెల దగ్గరికొస్తే చిన్న చెయ్యి వరమే. ఒకసారి మేకలో రెండు పిల్లలు చిక్కుపడ్డాయి. ఒకదాని తల, ఇంకోదాని కాలు కలిసి దారిలోకి వచ్చాయి. కాలు పట్టుకుని పైకి భుజం దాకా తడుముకుంటూ వెళ్లి, అది ఏ పిల్లదో తేల్చుకుని, ఒకదాన్ని వెనక్కి నెట్టి, రెండోదాన్ని తీశాను. రెండూ బతికాయి. మేకల యజమానురాలు నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, "సన్న చెయ్యి తల్లీ, అందుకే పట్టింది" అంది.

బలం కంటే ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. రాత్రిపూట ప్రయాణం, కొత్త ఊళ్లలో ఒంటరిగా వెళ్లడం, పశువైద్యశాలలో సరైన మరుగుదొడ్డి లేకపోవడం లాంటివి. అమ్మాయిలకు ఇవి నిజమైన ఇబ్బందులు. వాటి గురించి అడగండి, నేను ఉన్నదున్నట్టు చెబుతాను.

అపోహ: జంతువులంటే ప్రేమ ఉంటే చాలు

ప్రేమ ఉండాలి. కానీ ప్రేమతో వచ్చిన పిల్లలే మొదట కుదేలవుతారు. ఈ చదువులో చచ్చిన కోడిని కోసి చూడాలి. మాంసం పరీక్ష, మాంసం ఉత్పత్తులు సిలబస్‌లో ఉంటాయి. కబేళాకు వెళ్లాలి. ఇంట్లో మాంసం ముట్టని పిల్లలు కూడా ఇవన్నీ చేయాల్సిందే. బాగుపడే ఆశలేని కుక్కకు నొప్పి లేకుండా ప్రాణం తీసే సూది మనమే వేయాలి, పక్కన నిలబడి ఏడ్చే కుటుంబంతో మనమే మాట్లాడాలి.

ఇంకోటి, పశువుతో పాటు దాని యజమాని మీదా ప్రేమ ఉండాలి. చికిత్సకు అయ్యే ఖర్చు పశువు ధరను దాటుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఒక్క గేదె మీద ఇల్లు గడిచేవాళ్లకు మనం రాసే ప్రతి మందూ బరువే.

అపోహ: ఇది పశువుల కోసమే, మనుషులకు సంబంధం లేదు

రోజులు నిండకుండా ఈసుకుపోయిన ఆవు మాయను ఉత్త చేతులతో తీస్తే, పశువులు అలా ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లోసిస్ అనే జబ్బు మనకు అంటుకోవచ్చు. మా వృత్తిలో ఈ జబ్బు తెచ్చుకుని నెలల తరబడి జ్వరంతో, కీళ్లనొప్పులతో బాధపడ్డవాళ్లున్నారు. ఆడదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో జీవితానికి ఒక్కసారి వేసే టీకాతో దాన్ని ఆపొచ్చు. దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్) చనిపోయిన పశువును కోయకూడదు, ఎందుకంటే ఆ క్రిమి గాలి తగిలితే గట్టి పొర కట్టుకుని మట్టిలో దశాబ్దాలు ఉండిపోతుంది. కుక్కల దగ్గర పనిచేసే విద్యార్థులు ముందుగానే రేబిస్ టీకా వేయించుకోవాలి, దీన్ని వాయిదా వేయకండి.

భూమ్మీద మనుషులు పూర్తిగా తుడిచిపెట్టిన జబ్బులు రెండే. ఒకటి మశూచి. రెండోది పశువుల జబ్బు రిండర్‌పెస్ట్, 2011లో అది లేదని ప్రపంచానికి ప్రకటించారు. ఊరూరా తిరిగి టీకాలు వేసిన పశువైద్యులు, సిబ్బంది చేసిన పని అది. నాకు ఈ వృత్తి మీద గౌరవం పుట్టిన పాఠం ఇదే.

అపోహ: డిప్లొమా చేసినా ఒకటే

కాదు. పశుసంవర్థక పాలిటెక్నిక్ డిప్లొమా పదో తరగతి తర్వాత చదివేది. అది చదివినవాళ్లు, ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు లేకపోతే మా పని ఒక్కరోజు నడవదు. కానీ 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే హక్కు రిజిస్టరైన డిగ్రీ డాక్టరుదే. చిన్నచిన్న సేవలు డాక్టరు పర్యవేక్షణలో డిప్లొమా వాళ్లు చేయొచ్చు.

అపోహ: ప్రభుత్వ ఉద్యోగం రాకపోతే దారి లేదు

వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టుల నోటిఫికేషన్ ఏటా రాదు, ఇది మాత్రం నిజం. దాని కోసమే కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. కానీ చుట్టూ చూడండి. 2019 పశుగణనలో దేశంలో గొర్రెలు ఎక్కువున్నది తెలంగాణలో, తర్వాత ఆంధ్రలో. కోళ్ల పరిశ్రమ, డెయిరీలు, టీకాల తయారీ, దాణా కంపెనీలు, 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనాలు, బ్యాంకులు, జూలు, సైన్యంలోని రిమౌంట్ వెటర్నరీ కోర్, నగరాల్లో పెంపుడు జంతువుల క్లినిక్‌లు, వీటన్నిటిలో మావాళ్లున్నారు. పరిశోధన ఇష్టమైతే ఎంవీఎస్సీ అనే పీజీ చేయొచ్చు, ఉత్తరప్రదేశ్‌ ఇజత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ (ఐవీఆర్ఐ) లాంటి చోటికి వెళ్లొచ్చు. అమెరికాలో ప్రాక్టీసు చేయాలనుకునేవాళ్లు అక్కడి అర్హత పరీక్షలు మళ్లీ రాయాలి. మన డిగ్రీ ఒక్కటే సరిపోదు, ఆ పరీక్షలకు ఖర్చూ టైమూ బాగానే పడతాయి. ముందే తెలుసుకుని వెళ్లండి.

ఇంకా తేల్చుకోలేకపోతే, చేరకముందు ఒక వారం మీ దగ్గరి పశువైద్యశాలకు ఉదయం పూట వెళ్లండి. డాక్టరు గారిని అడిగితే ఎవరూ కాదనరు. పాత బట్టలు వేసుకోండి, పశువు వెనక కాళ్ల దగ్గర నిలబడకండి. మొన్న వచ్చిన అమ్మాయి మొదటి రోజు పొదుగువాపు పాలలో తరకలు చూసి మొహం తిప్పుకుంది. నాలుగో రోజుకు తనే థర్మామీటరు పెట్టి, "నూట నాలుగు మేడమ్" అని చెప్పింది. వాళ్ల నాన్న బయట బెంచీ మీద కూర్చుని అంతా చూస్తూ ఉన్నాడు.