పేగుల్లో ‘చెడ్డ’ బ్యాక్టీరియా: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఎవరి మలం శాంపిల్‌నైనా మెకాంకీ అగార్ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ ఉన్న పళ్లెం) మీద గీసి పెడితే, మర్నాటికి గులాబీ రంగు చుక్కలు తేలతాయి. చదునుగా, పొడిగా ఉండేవి సాధారణంగా ఈ.కోలి అనే బ్యాక్టీరియా. ఉబ్బెత్తుగా, తడిగా మెరిసేవి ఎక్కువగా క్లెబ్సియెల్లా అనే మరో బ్యాక్టీరియా. వాటిలో కొన్నిటిని లూప్ అనే సన్నని పరికరంతో తాకి పైకి లేపితే తీగపాకంలా సాగుతాయి. రక్తంలోకి చేరితే ఈ రెండూ ప్రాణం మీదికి తెస్తాయి. కానీ నిక్షేపంలా తిరుగుతున్నవాళ్ల పేగుల్లోనూ ఇవి ఉంటాయి. ఈ సంగతి తెలియక ఎంతోమంది అక్కర్లేని భయంతో అక్కర్లేని మందులు మింగుతున్నారు. ఆస్పత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తూ నేను తరచూ వినే మాటలివి.

అపోహ: రిపోర్టులో బ్యాక్టీరియా పేరు వచ్చిందంటే ఇన్ఫెక్షన్ ఉన్నట్టే.

వాస్తవం: క్రిమి మన ఒంట్లో ఉండటం వేరు, అది జబ్బు చేయడం వేరు. పేగు గోడ గట్టిగా ఉండి, చుట్టూ మంచి బ్యాక్టీరియా నిండుగా ఉన్నంతకాలం దానికి అల్లరి చేసే అవకాశం తక్కువ. క్లోస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియానే చూడండి. పెద్దవాళ్లలో, ముఖ్యంగా యాంటీబయాటిక్స్ వాడాక, తీవ్రమైన విరేచనాలు తెప్పిస్తుంది. అదే ఏడాదిలోపు పసిపిల్లల్లో చాలామంది పేగుల్లో ఏ బాధా పెట్టకుండా ఉండిపోతుంది. అందుకే ఆ వయసు పిల్లలకు విరేచనాలైతే సాధారణంగా దాని కోసం టెస్ట్ చేయరు. పాజిటివ్ వచ్చినా కారణం అదేనని చెప్పలేం.

అపోహ: మందులకు లొంగని మొండి బ్యాక్టీరియా ఆస్పత్రుల్లోనే అంటుకుంటుంది.

వాస్తవం: ఆస్పత్రిలో ముప్పు ఎక్కువన్నది నిజమే, కానీ బయట లేదనుకోవడం పొరపాటు. నెదర్లాండ్స్ పరిశోధకులు సుమారు 2000 మంది ప్రయాణికులను విదేశాలకు వెళ్లేముందు, తిరిగొచ్చాక పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. వెళ్లేముందు పేగుల్లో ఈ.ఎస్.బి.ఎల్. రకం, అంటే చాలా యాంటీబయాటిక్స్‌ని విరగ్గొట్టే బ్యాక్టీరియా లేనివాళ్లలో 34 శాతం మంది దాన్ని వెంట తెచ్చుకున్నారు. మన దక్షిణాసియాకు వచ్చివెళ్లినవాళ్లలోనైతే 75 శాతం! అలా తెచ్చుకున్నవాళ్లలో దాదాపు సగం మందిలో నెల తిరిగేసరికి పోయింది. 11 శాతం మందిలో మాత్రం ఏడాది తర్వాతా ఉంది. ప్రయాణంలో యాంటీబయాటిక్స్ వాడినవాళ్లకు ఇది అంటుకునే అవకాశం ఇంకా ఎక్కువని తేలింది. సెలవులకు ఇండియా వచ్చే మన ఎన్నారై కుటుంబాలు గమనించాల్సిన విషయం ఇది. కాస్త మోషన్స్ కాగానే మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోవద్దు. 2011లో వచ్చిన మరో అధ్యయనంలో ఢిల్లీ కుళాయి నీటి శాంపిళ్లు 50లో రెండింట ఎన్.డి.ఎం.-1 జన్యువు దొరికింది. కార్బపెనెమ్‌ల వంటి బలమైన మందులను కూడా పనిచేయనివ్వని జన్యువది.

అపోహ: పేగుల్లో మొండి బ్యాక్టీరియా ఉందని తెలిశాక పవర్‌ఫుల్ కోర్సు వాడి పూర్తిగా కడిగేయాలి.

వాస్తవం: ఈ ఒక్క ఆలోచన వల్ల జరిగే నష్టమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మందు వేసుకుంటే ముందు చచ్చేది దానికి లొంగే మంచి బ్యాక్టీరియా. ఖాళీ అయిన చోటంతా మొండిదే ఆక్రమిస్తుంది. లక్షణాలేమీ లేనివాళ్ల పేగుల్లోంచి ఈ రకాలను తొలగించడానికి రొటీన్‌గా మందులు వాడొద్దని 2019 యూరప్ మార్గదర్శకాలు చెప్పాయి. ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ వీటిని తరిమేస్తాయనడానికీ గట్టి ఆధారాల్లేవు.

టైఫాయిడ్ సంగతి వేరు. జబ్బు తగ్గిన కొద్దిమందిలో ఆ బ్యాక్టీరియా పిత్తాశయంలో, ముఖ్యంగా అందులో రాళ్లుంటే, తిష్ఠ వేసి ఏడాదికి పైగా మలంలో బయటికి వస్తూనే ఉంటుంది. వీళ్లకు చికిత్స అవసరం, కొన్నిసార్లు పిత్తాశయం తీసేయాల్సీ రావచ్చు. దీన్ని విడాల్ అనే రక్త పరీక్షతో నిర్ధారించలేం, మలం కల్చర్ (శాంపిల్‌లోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూడటం) మళ్లీ మళ్లీ చేయాలి.

అపోహ: నాకేమీ కాలేదు కాబట్టి నా వల్ల ఎవరికీ ఏమీ కాదు.

వాస్తవం: న్యూయార్క్‌లో వంటమనిషిగా చేసిన మేరీ మాలన్ అచ్చం ఇలాగే నమ్మింది. ఆమె పనిచేసిన ఇళ్లల్లో టైఫాయిడ్ వస్తుంటే ఆరా తీసి 1907లో పరీక్షించారు. ఆ బ్యాక్టీరియా ఆమె మలంలో బయటపడింది. ఒంట్లో ఏ నలతా లేని మనిషికి నీవల్లే జబ్బులొస్తున్నాయంటే ఎలా నమ్ముతుంది? ఆమెను దోషిలా చూడటం నాకు నచ్చదు. జీవితంలో దాదాపు 26 ఏళ్లు ఒంటరిగా నిర్బంధంలో గడిపి 1938లో పోయింది.

ఈ మధ్యదే ఇంకొకటి. కొన్ని జబ్బులకు ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను రోగి పేగుల్లోకి ఎక్కించే చికిత్స ఉంది. 2019లో అమెరికాలో ఒకే దాత నుంచి అలా తీసుకున్న ఇద్దరు రోగులకు ఈ.ఎస్.బి.ఎల్. ఈ.కోలి ఇన్ఫెక్షన్ వచ్చింది, ఒకరు చనిపోయారు. దాతకు ఏ జబ్బూ లేదు. రోగులకు రోగనిరోధక శక్తి తక్కువ.

అపోహ: పేగుల్లో మొండి బ్యాక్టీరియా ఉందని పాజిటివ్ వచ్చినవాళ్లకు ఇంట్లో కంచం, గది వేరు చేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. పసిపిల్లల్ని ఎత్తుకోవచ్చు, కలిసి భోంచేయొచ్చు. ఆస్పత్రిలో గ్లౌజులు, వేరే గది అంటున్నారంటే పక్క బెడ్ మీద ఉన్న బలహీనమైన రోగుల కోసం.

అపోహ: ఏమీ చేయనక్కర్లేదంటే ఆ రిపోర్ట్ పారేయొచ్చు.

వాస్తవం: దయచేసి ఫైల్లోనే ఉంచండి. కీమోథెరపీ, పేగు ఆపరేషన్, మలద్వారం గుండా ప్రోస్టేట్ బయాప్సీ (పరీక్ష కోసం ఆ గ్రంథి నుంచి సూదితో చిన్న ముక్క తీయడం) లాంటివి చేయించుకునే ముందు డాక్టరుకు చూపించండి. బయాప్సీ సూది పేగు గోడ దాటి ప్రోస్టేట్‌లోకి వెళ్తుంది, దాంతోపాటు పేగులోని బ్యాక్టీరియా కూడా. ఏ మందుకు లొంగదో ముందే తెలిస్తే, సూది గుచ్చకముందు ఇచ్చే యాంటీబయాటిక్‌ని దానికి తగ్గట్టు మారుస్తారు.