కివు సరస్సు పేలిపోతుందా? అపోహలు - వాస్తవాలు

లోతైన సరస్సుల్లో నీటి పొరలను కొలవడం నా పని. ర్వాండా, కాంగో దేశాల మధ్య ఉన్న కివు సరస్సు పేరెత్తగానే చాలామంది "అది ఏదో ఒక రోజు పేలిపోతుందటగా?" అని అడుగుతారు. గోమా, బుకావు, గిసేనీ లాంటి ఊళ్లతో కలిపి ఆ ఒడ్డున సుమారు 20 లక్షల మంది ఉంటున్నారు. అంతమందికి సంబంధించిన మాటను తేలిగ్గా అనేయకూడదు.

అపోహ: అడుగున గ్యాస్ పెద్ద బుడగలా నిలిచి ఉంది.

వాస్తవం: కాదు. మూత తీయని గోళీసోడాలో లాగా నీటిలోనే కరిగి ఉంది. బయటికి తీస్తే సుమారు 60 ఘన కిలోమీటర్ల మీథేన్, దానికి ఐదు రెట్లు కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. పైనున్న నీటి బరువే దానికి మూత.

అపోహ: అడుగు నీరు చల్లగా ఉండబట్టే పైకి రాదు.

వాస్తవం: సరస్సు లోతు 485 మీటర్లు. ఆ అడుగున నీరు పైనీటి కంటే వెచ్చన, దాదాపు 26 డిగ్రీలు. మామూలుగా వెచ్చని నీరు పైకి తేలాలి. ఇక్కడ తేలదు, ఎందుకంటే సరస్సు లోపలి ఊటలు మోసుకొచ్చే లవణాలు, కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఆ నీటిని బరువెక్కిస్తాయి. 260 మీటర్ల దరిదాపుల్లో ఉప్పదనం ఒక్కసారిగా పెరుగుతుంది. పైనీటిని, కింది నీటిని కలవనివ్వని గట్టు అదే.

అపోహ: లావా పడితే చాలు, అంతా బయటికొస్తుంది.

వాస్తవం: 2002 జనవరిలో దగ్గర్లోని నైరాగోంగో అగ్నిపర్వతం లావా గోమా మీదుగా సరస్సులోకి దిగింది. లోతు పొరలు చెదరలేదు. 1986లో కామెరూన్‌లోని న్యోస్ సరస్సు సుమారు 1,700 మందిని బలిగొన్న మాట నిజమే. అక్కడ మంటలేమీ రాలేదు, కార్బన్ డయాక్సైడ్ కమ్మేసి ఊపిరాడక పోయారు. కివులో గ్యాస్ ఇంకా నీరు పట్టగలిగే దాంట్లో సుమారు సగమే ఉంది. సరస్సు అడుగునే అగ్నిపర్వతం బద్దలైతే సంగతి వేరు. అందుకే కొలతలు ఆపకూడదంటాను.

అపోహ: మీథేన్ తోడేస్తే ప్రమాదం తీరిపోతుంది.

వాస్తవం: ఇది సగం నిజం, అందుకే నాకు ఎక్కువ టెన్షన్. 2016లో ప్రారంభమైన 26 మెగావాట్ల కివువాట్ కేంద్రం ఈ గ్యాస్‌తోనే కరెంటు తీస్తోంది. పైపును లోతుకు దించి ఒకసారి నీటిని కదిలిస్తే చాలు, పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి బుడగలు పుడతాయి, ఆ బుడగలే మిగతా నీటిని లాక్కొస్తాయి. మంచి పనే. కానీ గ్యాస్ తీశాక మిగిలిన నీటి మాటేమిటి? కార్బన్ డయాక్సైడ్ కొంత పోవడంతో అది తేలికపడుతుంది, మళ్లీ పాత చోటికి దిగదు. మరీ పైన వదిలితే అందులోని పోషకాలు నాచును పెంచుతాయి, హైడ్రోజన్ సల్ఫైడ్ చేపలకు విషమవుతుంది. తప్పు లోతులో ఏళ్ల తరబడి వదిలితే ఆ గట్టే పలచబడుతుంది.

కొత్త కేంద్రం ప్లాన్ ఏది వచ్చినా, ఎన్ని మెగావాట్లో తర్వాత చూస్తాను. వాడిన నీటిని ఎన్ని మీటర్ల లోతులో వదులుతారన్నదే ముందు వెతుకుతాను.