పిల్లల రక్షణలో సమాచారం: అపోహలు - వాస్తవాలు

అపోహ: "ఇంటి గుట్టు మనకెందుకు? చెప్తే మన మీదకే వస్తుంది."

బాలల రక్షణ పనిలో నేను ఎక్కువగా వినే మాట ఇదే. పిల్లల మీద లైంగిక వేధింపుల విషయంలో చట్టం దీనికి పూర్తిగా ఎదురు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే 6 నెలల దాకా జైలు పడొచ్చు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని అదే సెక్షన్ అంటోంది.

అపోహ: "రుజువు దొరికాక చూద్దాం."

రుజువంతా ఒకరి దగ్గరే దొరకదండి. తల్లి కువైట్లో, పిల్ల అమ్మమ్మ దగ్గర ఉండే ఇళ్లు మన కోనసీమలో చాలా ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లకి వరసగా ఆబ్సెంట్లు పడుతున్నాయని మాస్టారికి తెలుసు. ఆధార్‌లో ఆ పిల్ల పుట్టిన తేదీ మార్చమని ఎవరో వచ్చారని గ్రామ సచివాలయంలో తెలుసు. ఇంటి ముందు పందిరికి కొబ్బరాకు దిగిందని ఆశా కార్యకర్త చూసింది. ఎవరికి వారికి చిన్న సంగతే. మూడూ ఒకచోట చేరితే అది బాల్యవివాహం. ముహూర్తానికి ముందే తెలిస్తే 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం కింద మేజిస్ట్రేటు ఆర్డరుతో ఆపొచ్చు. ఆలస్యమైతే అదే పిల్ల పేరు గర్భిణుల రిజిస్టరులో రాసుకోవాల్సొస్తుంది.

ఇంకోటి. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కితే అవతలి గట్టు నరసాపురం, వేరే జిల్లా. పిల్లని దాటించినంత తేలిగ్గా ఫైలు దాటదు. అవతలి బాలల సంక్షేమ కమిటీకి ఆ రోజే ఫోన్ చేయాలి, వెనకాలే కాగితం పంపాలి.

అపోహ: "వాట్సాప్ గ్రూపులో పెడితే అందరికీ తెలుస్తుంది కదా."

దయచేసి వద్దు. పిల్ల పేరు, ఫొటో, బడి పేరు బయటపెట్టడం 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఎవరికి ఎంత అవసరమో అంతే చెప్పాలి. మాస్టారికి వైద్య పరీక్షల రిపోర్టు అక్కర్లేదు, పిల్లని ఎవరితో పంపకూడదో తెలిస్తే చాలు. గాయం ఎప్పుడు తగిలిందో డాక్టరుకి మాత్రం తెలియాలి.

అపోహ: "చెప్తే పిల్లని హోమ్‌లో పడేస్తారు."

హోమ్ ఆఖరి మార్గమని ఆ 2015 బాల న్యాయ చట్టమే చెబుతోంది. అమ్మమ్మ చూసుకోగలిగితే అమ్మమ్మ దగ్గరే ఉంచుతారు.

అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, రాత్రయినా సరే. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు విడివిడిగా చెప్పండి. పిల్లని మాత్రం గుచ్చి గుచ్చి అడగకండి. మన శాఖలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే, జరిగినదంతా ఆ పిల్లే ప్రతి ఆఫీసులోనూ మళ్లీ చెప్పుకోవాలి.